నవ్వుల పాట వెనక కథ

పోయిన వారం మనం మణికుమారిని ఆసుపత్రి ఆఫీసు గది ముందు నిలబెట్టి వచ్చేశాం. చేతిలో బదిలీ కాగితం. పైవాళ్ళు పంపించిన బదిలీ కాదది, తనే అడిగి తెచ్చుకున్నది. శనివారం పొద్దున్న, మస్కట్‌కి దూరంగా ఉన్న ఇబ్రా ఊరికి వెళ్ళే ఆసుపత్రి బండిలో ఆవిడకో సీటుంది. అక్కడ నర్సుల క్వార్టర్సులో ఒక గది, ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని ఈ ఫ్లాటూ, అందులో మొగుడు స్యాం, ఆయనగారి క్యాసెట్లూ ఇక్కడే ఉండిపోతాయి. ఆరేళ్ళ డయానాని వెంట తీసుకుపోవాలా, బడి సంవత్సరం పూర్తయ్యేదాకా తండ్రి దగ్గర ఉంచాలా అన్నది ఇంకా తేలలేదు. స్యాంకి ఈ సంగతి చెప్పనూ లేదు. శుక్రవారం భోజనాలయ్యాక చెబుదామనుకుంది.

కొట్లాడి వెళ్ళిపోతోందని అనుకునేరు. కొట్లాడుకోవడానికి కూడా ఓపిక ఉండాలి. మణికుమారికి ఆ ఓపిక అయిపోయి చాలాకాలమైంది. పొద్దున్నే డ్యూటీకి పోవడం, ఇంటికి రావడం, అన్నం వండటం, ఆయన పెట్టిన ఏదో ఇంగ్లీషు పాట చెవిన పడుతుంటే బట్టలు మడతపెట్టడం, ఇదే బతుకు. లోపల మాత్రం ఒక ముల్లు ఉండిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట, 1987 జూలైలో, నరసాపురంలో వాళ్ళ మొదటి పిల్ల కృప మూడు రోజుల జ్వరంతో పోయింది. పిల్లకి ఎనిమిది నెలలు. స్యాం అప్పటికే మస్కట్‌లో ఉన్నాడు. ఫోను చేయించారు. మనిషి రాలేదు. తిరిగి ఫోనూ చెయ్యలేదు. ఆవిడ ఉత్తరం రాస్తే, ఎన్నాళ్ళకో రెండు ముక్కల జవాబు వచ్చింది. నీ ఉత్తరం పందొమ్మిదో రోజున అందింది, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, రాలేకపోయాను, క్షమించు అని. మరుసటేడు ఆవిడే నర్సు ఉద్యోగం మీద మస్కట్ వచ్చింది, కాపురం చేసింది, డయానాని కంది. ఆ రెండు ముక్కల ఉత్తరాన్ని మాత్రం క్షమించలేకపోయింది.

ఇక ఈ వారం జరిగింది వినండి.

గురువారం మధ్యాహ్నం వార్డులో అందరికీ మందులిచ్చి, కాళ్ళు లాగేస్తుంటే నర్సుల గదిలో కూలబడింది మణికుమారి. పెద్ద సిస్టర్ అజీజా రేడియో పెట్టుకుని కూర్చుని ఉంది. అజీజా ఒమానీయే గాని పుట్టింది ఆఫ్రికా తీరాన జాంజిబార్‌లో. అక్కడి గొడవల్లో చిన్నప్పుడే కట్టుబట్టలతో బయటపడి, ఎక్కడెక్కడో తిరిగి ఒమాన్ చేరింది. వదిలేసి వచ్చిన ఇంటినీ తోటనీ ఎప్పుడూ తలుచుకోదు. అన్నయ్య కొన్న అమెరికా రికార్డుల పెట్టెని మాత్రం వారానికోసారి తలుచుకుంటుంది. ఆ పాటల కోసమే రువీ బజారులో స్యాం పనిచేసే క్యాసెట్ల షాపుకి పోతుంటుంది.

ఆ షాపులో పని ఇలా ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి తమకి కావలసిన పాటల జాబితా ఇస్తారు. స్యాం పాత ఎల్.పి. రికార్డులు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కొక్క పాటా తొంభై నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కిస్తాడు. టేప్‌రికార్డర్ మీద చప్పుడు ఎంతుందో చూపించే ముల్లు ఎర్రగీత దాటకుండా కాచుకుని కూర్చుంటాడు. అయ్యాక క్యాసెట్టు వీపున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేస్తాడు, ఎవరూ పొరపాటున చెరిపెయ్యకుండా. ఇదంతా ఆ బజారులో అందరూ చేసేదే. స్యాం ఒక్కడే చేసేది ఇంకోటుంది. ప్రతి క్యాసెట్టులోనూ ఒక చీటీ మడిచి పెడతాడు. అందులో ఏదో ఒక పాట వెనక కథ, ఆయనకొచ్చిన ఇంగ్లీషులో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది. చర్చిలో ఆర్గన్ వాయించే చేత్తోనే డాన్సు హాల్లో వాయించాడని వెలివేసిన ముసలాయన కథ. డ్రమ్ముల మనిషి రాకపోతే, కాఫీ తెచ్చినవాడు అట్టపెట్టె మీద దరువేసి గట్టెక్కించిన పాట కథ. కొన్ని రికార్డు అట్ట వెనక చదివి రాసినవి. అట్ట వెనక ఏమీ లేని పాటల సంగతి మనకీ ఇంతవరకు తెలియదు, మణికుమారికీ తెలియదు. అజీజా తన దగ్గరున్న చీటీలన్నీ పోగేసి, రేడియోలో గురువారంనాడు పాత ఇంగ్లీషు పాటలు వేసేవాళ్ళకి పంపించింది.

“మీ ఆయన రాసింది ఈవేళ చదువుతున్నారు, విను” అని ఇంగ్లీషులో అని, చప్పుడు పెంచింది అజీజా.

డెల్రాయ్ పీక్స్ అనే నల్లజాతి గాయకుడి పాట. మణికుమారికి తెలిసినదే. షాపులో దాన్ని నవ్వుల పాట అంటారు. ముందు ఆర్గన్ మొదలవుతుంది, వెనకాల బూరలు అందుకుంటాయి, ఆ మనిషి గొంతు చించుకుని పాడి పాడి, పాట అయిపోయాక హాయిగా నవ్వేస్తాడు. పాటకి ముందు కథ చదివారు. డెల్రాయ్ పీక్స్ ఇంటికి చాలా దూరంగా పనిచేసే రోజుల్లో, కూతురు గ్రేస్‌కి జ్వరమని కబురొచ్చింది. మూడు రోజులు ఆయన ముద్ద ముట్టలేదు. నాలుగో రోజు స్నేహితుడు పరుగున వచ్చి, పాప నిద్రపోయిందట అని చెప్పాడు. ఆ సంతోషంలో వీధిలో వాళ్ళందరికీ కోడికూర, అన్నం పెట్టించి, ఆ సాయంత్రమే ఈ పాట పాడాడు. చివరి నవ్వు ముందుగా అనుకున్నది కాదు, దానంతటది వచ్చేసింది. కబురు తెచ్చిన స్నేహితుడిది వేరే మతం. డెల్రాయ్ ఊళ్ళో చర్చి మనుషులు నిద్రపోయింది అంటే ఏమిటో అతనికి తెలియదు. పందొమ్మిది రోజులకి ఇంటినుంచి ఉత్తరం చేరింది.

తరువాత పాట వేశారు. నవ్వు వినిపించేసరికి అజీజా కళ్ళు తుడుచుకుంది. “పాపం, ఆ గాయకుడు ఇంకా ఉన్నాడా? మీ ఆయన్ని అడిగి చెప్పు” అంది.

గ్రేస్ అంటే కృప. పందొమ్మిది రోజులు. మణికుమారి కూర్చున్న కుర్చీ అంచు పట్టుకుంది.

“ఉన్నాడు సిస్టర్,” అంది. “బతికే ఉన్నాడు.”

మర్నాడు శుక్రవారం. పొద్దున్న తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ప్రార్థన. డయానా అక్కడే సండే స్కూలు పిల్లలతో ఆగిపోయింది. పేరుకి సండే స్కూలు, ఈ దేశంలో అది జరిగేది శుక్రవారమే. పదకొండున్నరకి మొగుడూ పెళ్ళాం ఇల్లు చేరారు. మణికుమారి చారు పొయ్యి మీద పెట్టింది. ప్రతి శుక్రవారం లచ్చన్న భోజనానికి వస్తాడు. జగిత్యాల వైపు మనిషి, మేస్త్రి. స్యాం పనివాళ్ళ క్యాంపులో ఉన్న రోజుల్లో ఇద్దరిదీ ఒకటే రూము. ఇప్పటికీ ఆయన్ని అన్నా అని, ఆవిడని వదినా అని నోరారా పిలుస్తాడు. ఆవిడ చేతి చారంటే పడిచస్తాడు.

స్యాం లుంగీలోకి మారి, దూదికి స్పిరిట్ అద్ది టేప్‌రికార్డర్ హెడ్డు తుడుస్తున్నాడు. పక్కన బల్ల మీద నల్లగీతల అంచున్న కాగితం ఒకటి మిగిలిపోయి ఉంది. సోమవారం లచ్చన్న క్యాంపులోనే గురవయ్య అనే పెద్దాయన గుండె ఆగి పోయాడు. ఫెలోషిప్ మనిషి. చావు నోటీసులు రాయడానికి స్యాం చేతిరాతని మించింది లేదు గనక నాలుగు కాపీలు ఆయనే రాశాడు, ఐదోది చెడిపోతే ఇక్కడ పడేశాడు.

“ఏవండీ, ఆ నవ్వుల పాట ఒకసారి పెట్టండి.”

స్యాం తలెత్తి చూశాడు. ఈ ఏడేళ్ళలో ఆవిడ ఒక్క పాట పెట్టమన్న పాపాన పోలేదు. “నీకెప్పుడు నచ్చిందే అది?”

“పెట్టండి.”

పెట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చివరిదాకా విన్నారు. నవ్వు మొదలవగానే మణికుమారి చెయ్యి చాచి ఆపేసింది.

“ఈ పాట వెనక కథ నిన్న రేడియోలో చదివారు. వార్డులో విన్నాను.”

దూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. “అజీజా సిస్టర్ ఏవో పంపిస్తానన్నారు. ఇది కూడా పంపారని నాకు తెలీదు.”

“ఆ కథ మీకెక్కడిది?”

“రికార్డు అట్ట వెనకాల ఉంది.”

“పోయిన నెల ఆ రికార్డు ఇంటికి తెచ్చి ఇక్కడే కూర్చుని తుడిచారు. దుమ్ము దులిపింది నేను. అట్ట వెనకాల పాటల పేర్లు, వాయించినవాళ్ళ పేర్లు తప్పితే ఏమీ లేవు. పందొమ్మిది రోజులని ఎక్కడుందండీ?”

స్యాం దూదిని చిన్న ఉండలా నలిపి బల్ల మీద పెట్టాడు. ఆయనకి నలభై నాలుగేళ్ళే. కానీ ఆ క్షణాన అరవై ఏళ్ళవాడిలా కనిపించాడు ఆవిడకి.

“అట్ట వెనకాల ఏమీ లేని పాటలకి నేనే రాస్తాను మణీ,” అన్నాడు. “జనం అడుగుతారు. ఈ పాట ఎలా పుట్టింది, ఎవరి కోసం పాడాడు అని. తెలీదంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఆ గొంతులు విను, అవన్నీ చర్చిలో పెరిగిన గొంతులే. మా నాన్నావాళ్ళూ పాడింది అలాగే. అందుకని నాకు తెలిసినవాళ్ళ సంగతులే రాసి, పేర్లు మార్చేవాణ్ణి. ఆ ఆర్గన్ ముసలాయన మా నాన్నే. చర్చిలో హార్మోనియం వాయించేవాడా, పద్యనాటకాలకి పిలిస్తే అక్కడా వాయించాడని ప్రభువు బల్ల రొట్టె, రసం ఇవ్వడం ఆపేశారు ఆయనకి. అట్టపెట్టె మీద దరువేసింది మన లచ్చన్న.”

“ఇది ఎవరిది?”

“నీకు తెలిసి అడుగుతున్నావు.”

“మీ నోటితో చెప్పండి.”

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు ఎత్తడమూ లేదు, దించడమూ లేదు. ఎన్నిసార్లో లోపల చెప్పుకుని అరిగిపోయిన మాటలు.

“మా రూము కింద బకాలా, అదే కిరాణా కొట్టుకి ఫోనొచ్చేది. ఆ రోజు నేను షాపులో ఉన్నాను. లచ్చన్న పెరుగు కొనడానికి కొట్టుకి దిగాడు. మీ రూముకే ఫోనని కొట్టు మనిషి వాడి చేతికిచ్చాడు. మీ నాన్నగారు మాట్లాడారంట. పాప నిద్రించింది బాబూ, స్యాంకి చెప్పు, అన్నారంట. అంతే, లైను పోయింది. వాడు చెప్పులన్నా వేసుకోకుండా ఆ ఎండలో రువీ దాకా పరిగెత్తుకొచ్చాడు. అన్నా, పాప పండుకున్నదట, జొరం తగ్గినట్టే, అన్నాడు. నిద్రించింది అని వాడు నాతో అననే లేదే. అనుంటే, మనవాళ్ళు పోయినవాళ్ళనే అలా అంటారని నాకు తెలిసేది. వాడి మాటలోకి మార్చుకుని తెచ్చాడు.”

మణికుమారి కదల్లేదు. చారు పొంగుతున్న చప్పుడు వినిపిస్తోంది, లేచి తగ్గించాలని కూడా తోచలేదు.

“జ్వరమని తెలిసిన దగ్గర్నుంచి మూడు రోజులు వాడూ తినలేదు, నేనూ తినలేదు. సాయంత్రం బిర్యానీ తెప్పించి రూములో పదకొండు మందికి పెట్టాను. ఈ పాట పెట్టాను. చివర ఆయన నవ్వుతుంటే అందరం నవ్వాం. నేను ఎంత నవ్వానంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ వేళకి మీరక్కడ సమాధి దగ్గర ఉండుంటారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? నువ్వు పిల్లని మట్టిలో పెడుతుంటే నేనిక్కడ బిర్యానీ తిని నవ్వానని రాయనా? రాలేదని తిట్టుకుంటే పడొచ్చనిపించింది. నవ్వాడని తెలిస్తే నా ముఖం చూస్తావా?”

“ఎనిమిదేళ్ళండీ,” అంది మణికుమారి. కోపంగా అందామనుకుంది గాని ఆ మాట నీరసంగా వచ్చింది. “తెలిసి కూడా రాని మనిషితో కాపురం చేస్తున్నానని ఎనిమిదేళ్ళు అనుకున్నాను. దారినపోయే దొరలందరికీ చీటీలు రాసి పంచారు. అజీజాకి తెలుసు, ఊళ్ళో రేడియో ఉన్న ప్రతివాడికీ తెలుసు. తల్లిని, నాకు తెలీదు.”

“ఇంగ్లీషులో, ఎవరో ఒకడి పేరు పెట్టి రాస్తే చెయ్యి ఆడింది. నీకు తెలుగులో రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. మొదటి మాట దగ్గరే ఆగిపోయేది.”

అది అబద్ధం కాదని ఆవిడకి తెలుసు. ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఆ చేతినే విదిలించి కొట్టాలనీ అనిపించింది. రెండిటికీ ఓపిక చాలలేదు.

“లచ్చన్నకి తెలుసా?”

“తెలీదు. నీ ఉత్తరం వచ్చాక, పెద్దాయన ఫోనులో అచ్చంగా ఏమన్నాడ్రా అని మాటల్లో పెట్టి అడిగాను. అప్పుడు చెప్పాడు ఆ మాట. పాపకి మళ్ళీ తిరగబెట్టి పోయిందని చెప్పి ఊరుకున్నాను. ఎలా చెప్పను వాడికి? పాపకి జ్వరం తగ్గితే వేములవాడలో కోడె కడతానని మొక్కుకున్నాడు మణీ. ఫోనొచ్చిన రోజే ఊళ్ళో ఉన్న పెళ్ళాం శాంతవ్వకి ఉత్తరం రాయించాడు. ఆవిడ పోయి, కోడెని పట్టుకుని రాజన్న గుడి చుట్టూ తిరిగి, కట్టేసి వచ్చింది. మన పిల్ల బతికిందని. ఇప్పుడు ఈ సంగతి తెలిస్తే వాడు మళ్ళీ మన గడప తొక్కుతాడా?”

మణికుమారి బల్ల మీది నోటీసు వైపు చూసింది. తరువాత నెమ్మదిగా అడిగింది. “నాన్న అచ్చంగా ఆ మాటే అన్నారా? నిద్రించింది అనే అన్నారా?”

“అదే అన్నారంట. చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి గారు కదా, ఇంకోలా ఎందుకంటారు?”

ఇంకోలా ఎందుకనేవారో ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో గాని ఆ ఉదయం ఇప్పుడు కళ్ళకి కట్టింది. టెలిఫోను ఆఫీసుకి బయలుదేరుతూ నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఆగాడు. పెద్ద పెద్ద చావులకి వాక్యం చెప్పిన మనిషి, ఆ రోజు కూతురి ముఖంలోకి చూడలేక నేలచూపులు చూస్తూ, ఏమని చెప్పనమ్మా, చనిపోయిందని సూటిగా చెప్పెయ్యనా, దూరాన ఉన్నవాడు, అర్థం కావాలి కదా, అన్నాడు. మణికుమారి అప్పట్లో నర్సుగా పనిచేసిన మిషను ఆసుపత్రిలో ఎంతమంది తల్లులకి తన నోటితోనే పోయాడమ్మా, పోయిందమ్మా అని చెప్పిందో లెక్కలేదు. తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తట్టుకోలేకపోయింది.

“నాన్న సూటిగానే చెబుతానన్నారండీ,” అంది. “నేనే వద్దన్నాను. ఆ మాట అనకండి నాన్నా, నిద్రించిందని చెప్పండి అన్నాను.”

స్యాం ఆవిడ వైపు చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఈయన మీద మోపిన నేరం, ఈయన లచ్చన్నని కాపాడటానికి నెత్తినేసుకున్న నేరం, తిరిగి తిరిగి ఆవిడ ఒళ్ళోనే వచ్చి కూర్చుంది. ఎవరూ తప్పు చెయ్యలేదు. అందరూ మంచికే చేశారు. ఆ ఆలోచన ఆవిడకి ఏ ఓదార్పూ ఇవ్వలేదు సరికదా, ఇంకాస్త అలసట పెంచింది. బ్యాగులో ఇబ్రా కాగితం అలాగే ఉంది. దాన్ని తీసి చూపించాలో, చింపి పొయ్యిలో పెట్టాలో తెలియలేదు. వెళ్ళిపోవడానికి చెప్పుకున్న కారణం ఇప్పుడు లేదు. ఉండిపోవడానికి కారణం ఇంకా దొరకలేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది.

లచ్చన్న వచ్చే తీరు ఆ ఇంటికి బాగా తెలుసు. చెప్పులు గుమ్మం బయట విసిరేసి, ఏం కూర వదినా అంటూ తిన్నగా వంటింట్లోకి నడిచేస్తాడు. మణికుమారి కళ్ళు తుడుచుకుని, చారు మంట తగ్గించి, తలుపు తీసింది. లచ్చన్న బయటే నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు గాని గుండీలు ఒకదానికొకటి తప్పాయి. కాళ్ళకి చెప్పులు అలాగే ఉన్నాయి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం, అంచున నల్లగీత.

“రా లచ్చన్నా, లోపలికి రా.”

“అస్త గని, ఒక్కటి జెప్పు వదినా.” కాగితం విప్పి ఆవిడ ముందు పట్టుకున్నాడు. “గురవయ్య తాత పోయిండని మా క్యాంపు గోడకు అంటిచ్చిన్రు గిది. అన్న చేతిరాతే. నాకు సదువు రాదాయె, మా రూమ్ల అంజి సదివిండు. ప్రభువునందు నిద్రించెను అని రాసున్నదట. నిద్రించెను అంటే పండుకున్నడనే గద, సచ్చిపోయినోన్ని పట్టుకొని గట్ల రాసిన్రేందిరా అన్న. ఆడు నవ్విండు. నీకు ఎర్కలేదా కాకా, కిరస్తానోళ్ళు సచ్చిపోతె గట్లనే అంటరు, అన్నడు.”

వెనకాల స్యాం కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

“నిన్నటి సంది బువ్వ దిగుతలేదు వదినా,” అన్నాడు లచ్చన్న. “ఆ దినం ఫోన్ల మీ నాయిన గీ మాటనే అన్నడు. నా చెవుల ఇంకా అట్లనే ఉన్నది.”

మణికుమారి గడప దాటి అతని చెయ్యి పట్టుకోబోయింది. లచ్చన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ముందుగాల జెప్పు,” అన్నాడు. “మీ ఇంట్లకు రావాల్నో వద్దో అటెనుక నేను జూస్కుంట.”